ఒక కార్మికురాలు

టకటకటక, టకటకటక. కళ్ళు తెరవకముందే చెవిన పడేది ఆ చప్పుడు. వాన కాదు, వడ్రంగి కాదు, తలుపు తడుతున్న మనిషీ కాదు. మా పడకగది గోడకు అవతల, కంపెనీ పరీక్షగదిలో, రబ్బరు తొడిగిన ఇనుపవేళ్ళు కొత్త కీబోర్డుల మీద పడి లేస్తూ ఉండేవి. ఒక్కో మీటనూ లక్షలసార్లు నొక్కి, అది ఎక్కడ అలిసిపోతుందో చూసే యంత్రం అది. పగలు లేదు, రాత్రి లేదు, ఆదివారం అసలే లేదు.

"ఇన్నేళ్ళుగా కొడుతోంది. పొరపాటునైనా ఒక్క మాట రాసిందా చూడు," అనేవాడు నాన్న, పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నువ్వు మాత్రం ఏం మాట్లాడావని దాన్నంటావు?" అనేది అమ్మ వంటగదిలోంచి.

వేళాకోళంగా మొదలై, నవ్వు ఆవిరైపోయాక కూడా మా ఇంట్లో మిగిలిపోయిన మాటలవి.

మేముండేది కంపెనీ క్వార్టర్స్‌లో. ఇంటికీ ఫ్యాక్టరీకీ ఒకటే గేటు, ఒకటే కాపలా. కూరగాయల సంచీతో వచ్చినా, ఉద్యోగానికి వెళ్ళినా మెడలో కార్డు ఉండాల్సిందే. ఫ్యాక్టరీవైపు కిటికీలను, రంగుల వాసన రాకుండా, కంపెనీవాళ్ళే మరలు బిగించి మూసేశారు. గాలి రావాలన్నా పోవాలన్నా ముందు తలుపు ఒక్కటే దారి. నాన్న కీబోర్డుల కూర్పు విభాగంలో మేస్త్రీ. కంపెనీ తెరిచిన మొదటిరోజు నుంచీ ఉన్నవాడు. అక్క అచ్చుగదిలో పనిచేసేది. తెల్లటి మీటల మీద నల్లటి అక్షరాలు అద్దే గది అది. నేను చెప్పబోయే వేసవికి మూడేళ్ళ ముందు ఆ గదిలో థిన్నర్ ఆవిరికి నిప్పంటుకుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను అప్పటికి ఎన్నాళ్ళనుంచో తిరగడం లేదు. వెనక తలుపుకు అడ్డంగా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మిగతావాళ్ళు ముందు తలుపులోంచి బయటపడ్డారు. అక్క బల్ల వెనక తలుపు పక్కన ఉండేది.

అక్క పోయాక నాకు ఉద్యోగం ఇచ్చారు. కారుణ్య నియామకం అన్నారు దాన్ని. పద్యాలు రాసుకునే పిల్లనని ఎవరో చెబితే ప్రచార విభాగంలో వేశారు. అప్పటినుంచి మా ఇంట్లో అక్క పేరు ఎవరూ పలకలేదు. పలకకూడదని అనుకున్నదీ లేదు. మొదట "పెద్దది" అన్నారు, ఆ తరవాత "అది" అన్నారు, ఆ తరవాత ఆ చోట ఊపిరి ఆపినంత ఖాళీ మాత్రం మిగిలింది. పాదంలో విరామం ఎక్కడ వస్తుందో ముందే పసిగట్టే అలవాటున్నదాన్ని గనక, ఆ ఖాళీ ఏ మాట తరవాత రాబోతుందో నాకు ముందే తెలిసిపోయేది. తెలిసి, తల దించుకునేదాన్ని.

ఎండలు ముదిరిన రోజుల్లో ప్రచార అధికారి నన్ను తన గదికి పిలిచాడు. ఆయనకు విశేషణాలంటే ప్రాణం. నామవాచకం ఒంటరిగా కనబడితే జాలిపడి వెంటనే ఇద్దరిని తోడిచ్చేవాడు. అందుకే మేం చాటుగా ఆయన్ను విశేషణం సారు అనుకునేవాళ్ళం.

ఆయన కంప్యూటరు తెరను నావైపు తిప్పాడు. ఎవరైనా చదవగల, ఎవరైనా దిద్దగల అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో మా కంపెనీ గురించిన వ్యాసం అది. దాని నెత్తిన నారింజరంగు పట్టీ: "ఈ వ్యాసం ప్రకటనలా ఉంది. తగిన ఆధారాలు లేవు. దయచేసి మెరుగుపరచండి."

"చూశావామ్మా? నుదుట వాత పెట్టినట్టు లేదూ?" అన్నాడు. "వానలు పడేసరికి మన పాతికేళ్ళ వేడుక. కంపెనీలో వాటా కొందామనుకుంటున్న పెద్దమనుషులు వస్తారు. వాళ్ళు మన బ్రోషర్లు చదువుతారా? చదవరు. ఇదిగో, ఇది చదువుతారు. ఈలోగా ఆ పట్టీ ఊడాలి. నీది మంచి చెయ్యి. కాస్త చక్కదిద్దు."

"ఎలా రాయమంటారు సార్?"

"ఎలా ఏముంది? అద్వితీయమైన, అత్యాధునికమైన, అనితరసాధ్యమైన..."

"మూడూ ఒక్కదానికేనా సార్?"

"కీబోర్డుకి రెండు చాలు. కంపెనీకి మూడూ వెయ్యి."

వేశాను. మధ్యాహ్నానికల్లా మూడూ పోయాయి. తీసేసిన మనిషి అసలు పేరు తెలియదు. పాతగడియారం అన్న మారుపేరుతో రాసేవాడు, లేక రాసేది. పోయిన చోట ఒక చిన్న వివరణ: "అనితరసాధ్యం అంటే ఇతరులెవరూ చేయలేనిది. కీబోర్డులు చాలామంది చేస్తున్నారు."

విశేషణం సారు ఊరుకోలేదు. కంపెనీ నెలనెలా వేసుకునే పత్రికలో నాచేతనే ఒక వ్యాసం రాయించి, దాన్నే ఆధారంగా చూపించమన్నాడు. చూపించాను. ఈసారి పాతగడియారం ఇంకా మర్యాదగా రాసింది: "మీరు రాసుకున్నదాన్ని మీకే సాక్షిగా తెచ్చారు. సాక్షి బయటివాడై ఉండాలి."

"ఎవడమ్మా వీడు? వీడికి జీతం ఎవరిస్తున్నారు?" అన్నాడు సారు.

"ఎవరూ ఇవ్వరట సార్. ఊరికే చేస్తారట."

"అదీ సంగతి! అందుకే భయం లేదు."

ఆ రోజు నేను వ్యాసం వెనక ఉండే చర్చాపేజీలోకి వెళ్ళి, "నేను ఈ కంపెనీ ఉద్యోగిని. నాకు ఈ పని అప్పగించారు. నా మార్పులను మీరు సరిచూడండి," అని రాశాను. దాచిపెట్టి రాయడం తప్పని అక్కడి నియమాల్లో చదివాను. పాతగడియారం నుంచి వెంటనే జవాబు: "చెప్పినందుకు సంతోషం. ఇక మొదటినుంచి మొదలుపెడదామా?"

సిగ్గుపడుతూనే ఒప్పుకుంటాను, ఆ తరవాతి కొన్ని వారాలు నాకు బాగున్నాయి. పద్యం రాసేటప్పుడు ఒక మాట ఎక్కువైతే పాదం కుంటుతుంది; అక్కడా అంతే. గ్రంథాలయంలో పాత వ్యాపార పత్రికలు దులిపాను. మొదటి కీబోర్డు ఏ సంవత్సరం బయటికి వచ్చిందో, మీట కింద స్ప్రింగుకు బదులు రబ్బరు ఎప్పుడు వచ్చిందో, ఒక ఏడాది సరుకు అంతా ఎందుకు వెనక్కి వచ్చిందో, ఒక్కో వాక్యానికి ఒక్కో ఆధారం కట్టాను. మెచ్చుకోలు పోయింది, సంగతి మిగిలింది. వ్యాసం రోజురోజుకూ నిటారుగా నిలబడింది.

అలా నిలబడుతున్న వ్యాసంలో, ఒకరోజు ఆఫీసు తెరవగానే, నేను రాయని వాక్యం ఒకటి కనిపించింది. పాతగడియారం పాత దినపత్రికలు తిరగేస్తూ కనిపెట్టి, ఆధారంతో సహా చేర్చిన వాక్యం: "అచ్చు విభాగంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఒక కార్మికురాలు మరణించింది."

నేను దాన్ని చదివాను. మళ్ళీ చదివాను. వ్యాకరణం సరిగ్గా ఉంది. కర్త ఉంది, క్రియ ఉంది, చోటు ఉంది, ఆధారం ఉంది. నిజానికి అది మంచి వాక్యం.

విశేషణం సారు నన్ను పిలిచి తలుపు వేశాడు. కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనేవాడు కాదు.

"అది తీసెయ్యాలమ్మా."

"తీస్తే మళ్ళీ పెడతారు సార్. నేను ఉద్యోగినని రాసుకున్నాను కూడా. నేను తీశానంటే, కంపెనీయే తీయించిందని కూడా చేర్చి ఆ ఒక్క వాక్యాన్నీ పేరా చేస్తారు."

ఆయన బల్లమీది పెన్నును ఇటునుంచి అటు జరిపాడు. "అడగకూడని మనిషినే అడుగుతున్నానని నాకు తెలుసు. కానీ రాయడం తెలిసింది నీకే." దాన్ని మళ్ళీ వెనక్కి జరిపి, "మీ నాన్నగారికి ఇంకా సర్వీసుంది. ఇల్లుంది. నీకు ఉద్యోగముంది. ఇవన్నీ ఇలాగే సాఫీగా సాగాలని నా కోరిక, అంతే," అన్నాడు.

ఆయన బెదిరించి ఉంటే కోపం తెచ్చుకునేదాన్ని. బెదిరించలేదు. నిజంగానే కోరుకున్నాడు. నాకు కోపానికి కూడా చోటు మిగల్చలేదు.

"తియ్యలేకపోతే కిందికి దించు. పైన అవార్డులు పెట్టు, ఎగుమతులు పెట్టు. అక్కడిదాకా ఎవడు చదువుతాడు?" అన్నాడు చివరికి.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. అమ్మ నేలమీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఆఫీసు సంగతులు ఇంట్లో దాచలేను. నా మొహం నాకు ఎప్పుడూ సాయపడలేదు.

"ఏదో రాశారటగా ఆ కంప్యూటర్లో? క్యాంటీన్ అత్త చెప్పింది," అంది అమ్మ, తల ఎత్తకుండా.

"ఆవిడకెలా తెలిసింది?"

"ఆవిడకి తెలియంది ఆవిడ కూరలో ఉప్పు ఒక్కటే. ఏం రాశారు?"

ఫోన్లో చూపిస్తే అమ్మకు కళ్ళజోడు కావాలి. చదివి వినిపించాను. కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"ఒక కార్మికురాలా?"

"అవునమ్మా."

"ఒక కార్మికురాలంటే ఎవరైనా కావచ్చు." మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "పేపరువాళ్ళు పేరు వెయ్యలేదా?"

"వివరాలు తరవాత చెబుతామన్నారట కంపెనీవాళ్ళు ఆ రోజు. తరవాత ఎవరూ అడగలేదు."

"ఊఁ. మనమూ చెప్పలేదు." గిన్నెలో నీళ్ళు పోసింది. తరిగినవి నల్లబడకుండా ఒక్కొక్కటీ అందులో ముంచింది. "ముప్పైమంది ఉండేవాళ్ళు ఆ గదిలో. అందులో ఒకతి అన్నమాట."

నేను అన్నం ముట్టకుండా ఆఫీసుకు వెనక్కి వెళ్ళాను. "ఒక కార్మికురాలు" అన్నచోట అక్క పేరు రాశాను. మూడంటే మూడు అక్షరాలు. ఎన్నో ఏళ్ళు మీటల మీద తను అద్దిన అక్షరాల్లోవే కాబోలు, నా వేళ్ళకింద ఉన్నవి. గొంతుతో పలకలేని మాటను వేళ్ళు చాలా సులువుగా పలికాయి. తెరమీద ఆ పేరు చూడగానే గది చల్లబడినట్టయింది.

చాయ్ తాగి వచ్చేసరికి పేరు లేదు. మళ్ళీ "ఒక కార్మికురాలు." పక్కన పాతగడియారం వివరణ: "ఈ పేరుకు ఆధారం చూపలేదు. పత్రికలో పేరు లేదు."

చర్చాపేజీలో రాశాను: "ఆమె మా అక్క."

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. తెర ముందునుంచి కదల్లేదు నేను.

"నన్ను క్షమించండి. నాకు తెలియదు. మీ మాట నేను నమ్ముతున్నాను. కానీ ఇక్కడ నా నమ్మకం ఆధారం కాదు, మీ జ్ఞాపకమూ కాదు. రేపు మరొకరు వచ్చి మరో పేరు చెబితే వాళ్ళనూ నేను నమ్మాల్సి వస్తుంది. ఎక్కడైనా అచ్చయిన రోజున, లేదా నలుగురూ వినేలా ప్రసారమైన రోజున చెప్పండి. ఆ పేరును నా చేత్తో నేనే రాస్తాను. ఒకటి అడగనా? మీ ఇంట్లోవాళ్ళకు ఆ పేరు అక్కడ ఉండటం ఇష్టమేనా?"

చివరి ప్రశ్న దగ్గర పేజీ మూసేశాను.

ఆ వార్త వేసిన దినపత్రిక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉపసంపాదకుడు మంచివాడే, కుర్చీ వేశాడు. "పాత వార్తమ్మా. పేరు వెయ్యాలంటే కంపెనీ ధ్రువీకరించాలి," అన్నాడు. కంపెనీలో సిబ్బంది విభాగంవాళ్ళు, "బయటికి ఇవ్వాలంటే పత్రికవాళ్ళు రాతపూర్వకంగా అడగాలి, పైవాళ్ళు ఒప్పుకోవాలి," అన్నారు. పైవాళ్ళ సంగతి నాకు తెలుసు. విజ్ఞాన సర్వస్వం పత్రికను చూపమంటుంది. మూడు గుమ్మాలు, ఒక్కోదాని తాళంచెవి పక్కదాని లోపల. తిరిగి తిరిగి అదే గేటుకు వచ్చాను, మెడలో కార్డు చూపించి లోపలికి వచ్చాను.

ఆ సాయంత్రం నాన్న గుమ్మం ముందు టేబులుఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని మరలు అందిస్తున్నాను. అమ్మ తలుపుకు ఆనుకుని నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు గానీ నేను మొత్తం చెప్పేశాను.

నాన్న రెక్కకు పట్టిన దుమ్ము తుడుస్తూ విన్నాడు. "అంటే మనకి తెలిసింది లెక్కలోకి రాదా?"

"రాదు నాన్నా."

"నేను చేతుల్లో మోసుకొచ్చాను చిన్నీ."

"అయినా రాదు."

"మరి ఎవరికి తెలిస్తే వస్తుంది?"

"ఎవరికి తెలుసన్నది కాదు. ఎవరో ఒకరు బయటికి చెప్పాలి. పదిమందికీ వినబడేలా. ఆ చెప్పింది ఎక్కడో నిలిచి ఉండాలి."

నాన్న రెక్కను ఎండవైపు ఎత్తి చూశాడు. "ఆ వారం యజమాని మనింటికి వచ్చాడు. ఇదిగో, ఈ గుమ్మంలోంచే. ఆ కుర్చీలో కూర్చున్నాడు. 'మీ చిన్నమ్మాయి బాధ్యత మాది. ఇక దీని గురించి బయట మాట్లాడుకోవడం ఎందుకు మేస్త్రీ, పిల్ల తిరిగొస్తుందా?' అన్నాడు. నేను తలూపాను." మర కోసం చెయ్యి చాపాడు. "నీ ఉద్యోగం అలా వచ్చింది. సంతకం లేదు, పాడు లేదు. తలూపడమే. తలూపడానికి నోరు అక్కర్లేదుగా."

"ఎందుకిప్పుడవన్నీ," అంది అమ్మ.

"అడిగింది, చెప్పాను."

"అది అడగలేదు."

నిజమే, నేను అడగలేదు. నాన్న ఫ్యాను బిగించి మీట నొక్కాడు. తిరిగింది. ముగ్గురం దాని ముందు కూర్చుని గాలి పీల్చుకున్నాం.

ఎవరూ ఊహించని మనిషి దారి తెరిచాడు: విశేషణం సారు. వేడుక దగ్గరపడిన రోజుల్లో ఒక పొద్దున ఉత్సాహంగా వచ్చాడు.

"రేడియోవాళ్ళు ఒప్పుకున్నారు! కూర్పు విభాగంలోంచే ప్రత్యక్ష ప్రసారం. అమ్మాయ్, నాకొకటి చెప్పు. రేడియోలో వచ్చింది మీ గడియారానికి ఆధారం అవుతుందా, అవదా?"

మరోసారి అడిగి, రూఢి చేసుకుని చెబుతానన్నాను. చర్చాపేజీలో అడిగాను. "అవుతుంది," అని జవాబు వచ్చింది. "ఆ కేంద్రం తన ప్రసారాలను భద్రపరిచి అందరికీ వినిపిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో చూపిస్తే చాలు." అదే చెప్పాను.

"ఇంకేం! మన గొప్పలు రేడియోలో చెప్పించేద్దాం. అచ్చమైన బయటి సాక్షి! అందరికంటే పాతవాడు మీ నాన్నగారే కదా, ఆయన మాట్లాడితే నిండుగా ఉంటుంది. నువ్వే రాసిపెట్టు. విశేషణాలు మాత్రం తగ్గించకు."

రాసిపెట్టాను. ఇంట్లో నాన్న ఆ కాగితాన్ని చేతిపొడవు దూరంలో పట్టుకుని సాధన మొదలుపెట్టాడు. ప్రశ్నలడిగే రేడియో అమ్మాయి పాత్ర అమ్మది. చేతిలో అట్లకాడ.

"చెప్పండి మేస్త్రీగారూ, మీ కంపెనీ ఎటువంటిది?"

"మా కంపెనీ అద్వి... అద్వితీయ... అనితర... ఏమిటే ఇది చిన్నీ, నోట్లో మరలు పోసుకున్నట్టుంది!"

"ఇన్నేళ్ళు పనిచేశారు, కంపెనీ ఎటువంటిదో చెప్పలేరా?" అంది అమ్మ, అట్లకాడ ఆయన మూతి దగ్గర పెట్టి.

"చెప్పగలను. చిన్నది రాసిచ్చింది చెప్పలేను."

అమ్మ నవ్వింది. పెద్దగా, వెనక్కి వాలి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో నేను గుర్తుతెచ్చుకునేలోపే ఆగిపోయింది. అట్లకాడ ఇంకా నాన్న మూతి దగ్గరే ఉంది. అమ్మ ఆయన్ను చూసింది, ఆయన అమ్మను చూశాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో నడిచింది. నాకు దాని చివర మాత్రమే తెలిసింది: అమ్మ అట్లకాడ దించి, "రేపు వచ్చేటప్పుడు నాలుగు అట్టపెట్టెలు పట్రా చిన్నీ, ఆఫీసులో ఖాళీవి ఉంటాయిగా," అంది.

"దేనికి?"

"వానాకాలం వస్తోంది. సామాను కాస్త సర్దిపెట్టుకుంటా."

పెట్టెలు తెచ్చాను. పాత గుడ్డలు పెడుతుందనుకున్నాను. మర్నాటికి పండగ గిన్నెలు, ఫొటోలు, నా పద్యాల కట్టలు కూడా వాటిలోకి వెళ్ళాయి. నేను చూశాను. నేను చూడటం అమ్మ గమనించలేదు. ఆ పెట్టెలు అలా గోడవారగా ఉండిపోయాయి.

ప్రసారం రోజు పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటువైపు నడుస్తుండగా, దారిలో చిన్న గులకరాయిని పక్కకు తన్నుతూ, "నీకు ఇంకెక్కడైనా పని దొరుకుతుందా చిన్నీ?" అన్నాడు.

ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగాడు. కానీ ఆగి అడిగాడు.

"వెతుక్కుంటాను నాన్నా," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయనకు వినబడింది.

కూర్పు విభాగంలో బల్లలు తుడిచి, గోడలకు రంగుకాగితాలు అంటించారు. ఆకాశం మబ్బుపట్టి గాలి ఆడటం లేదు. అతిథులు ముందు వరసలో కూర్చున్నారు. యజమాని మధ్యలో, తెల్లటి బట్టల్లో. వెనక పనివాళ్ళు, వాళ్ళలో అచ్చుగదివాళ్ళు కూడా, కార్డులు మెళ్ళో వేసుకుని నిలబడ్డారు. విశేషణం సారు మైకు పక్కన నిలబడి, అందరినీ చేతులతో నిమురుతున్నట్టు సైగలు చేస్తున్నాడు. రేడియో అమ్మాయి చిన్నది, నా వయసుదే. చెవులకు పెట్టుకున్న యంత్రం కింద ఆమె మొహం ఇంకా చిన్నదిగా కనిపించింది.

నాన్న కాగితం చేతిలో పట్టుకున్నాడు. మొదటి ప్రశ్నలకు దాన్ని చూసే చెప్పాడు. మొదటి కీబోర్డు ఎలా కూర్చారో, చలికాలంలో రబ్బరు బిగుసుకుపోతే ఒళ్ళో పెట్టుకుని వెచ్చచేసిన సంగతి, ఒక మీట తలకిందులుగా బిగించి పంపితే వచ్చిన తిట్లు. అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వాడు. కష్టమైన ఆ మూడు విశేషణాలనూ నాన్న తడబడకుండా పలికాడు. విశేషణం సారు కళ్ళు మూసుకుని తలపంకించాడు.

"మీ ఇంట్లోంచి ఇంకెవరైనా ఇక్కడ పనిచేస్తున్నారాండీ?" అంది రేడియో అమ్మాయి. అది కాగితంలో ఉన్న ప్రశ్నే. జవాబు నేను రాసిందే: మా చిన్నమ్మాయి ప్రచార విభాగంలో సేవలందిస్తోంది.

నాన్న కాగితాన్ని మడిచాడు. మడత మీద మడత వేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇద్దరమ్మా," అన్నాడు. "చిన్నది అదిగో, ఆ స్తంభం దగ్గర నిలబడింది. పెద్దది అచ్చుగదిలో చేసేది. మూడేళ్ళ కిందట అక్కడ మంటలొచ్చినప్పుడు పోయింది. ఫ్యాను పనిచెయ్యలేదు. వెనక తలుపుకి పెట్టెలు అడ్డం పెట్టారు. పేపర్లో ఒక కార్మికురాలు అని వేశారు."

విశేషణం సారు చెయ్యి సగం లేచి గాల్లో ఆగింది. యజమాని మొహం నేను చూడలేదు. వెనక వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. రేడియో అమ్మాయి తన కాగితాలవైపు చూసింది. వాటిలో దీని తరవాతి ప్రశ్న లేదు. ఆమె వాటిని ఒళ్ళో పెట్టుకుంది. మైకును ఇంకాస్త నాన్నకు దగ్గరగా జరిపింది.

"ఆమె పేరేమిటండీ?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. మూడేళ్ళుగా వాడని మాట కదా, వస్తుందో రాదో అన్నట్టు ఒకసారి పెదవులు కదిపి చూసుకున్నాడు. తరవాత తల ఎత్తి, వెనక వరసలో ఆఖరి మనిషికి కూడా వినబడేంత గట్టిగా, స్పష్టంగా పలికాడు.

"వకుళ."